కొత్త మసాజ్ పద్ధతి నేర్చుకున్నాక సాధన ఎవరితో చేస్తే మేలు?

ట్రైనర్ పక్కన నిలబడి మన మోచేతిని సరిచేస్తున్నంతసేపూ కొత్త పద్ధతి చేతికి వచ్చేసినట్టే ఉంటుంది. ట్రైనింగ్ అయ్యాక కొన్నాళ్లు చేయకుండా వదిలేస్తే చేతులు పాత అలవాటుకే వెళ్లిపోతాయి. అందుకే సాధన తప్పదు. కానీ ఎవరితో చేయాలి? ఇంట్లోవాళ్లూ స్నేహితులతోనా, మనతోపాటు నేర్చుకున్న తోటి థెరపిస్టుతోనా, ఇప్పటికే మన దగ్గరకు వస్తున్న క్లయింట్లతోనా?

ఎక్కువమంది ఇంట్లోవాళ్లతోనే మొదలుపెడతారు. అడగ్గానే ఒప్పుకుంటారు, చేయి తడబడినా ఏమీ అనుకోరు. రకరకాల శరీరాలు దొరకడం ఇందులో అసలు లాభం. సన్నగా ఉన్నవాళ్ల భుజం రెక్క అంచు వేలికి వెంటనే తగులుతుంది. కండ పట్టిన వీపులో దాన్ని వెతుక్కోవాలి. వయసు మళ్లినవాళ్ల చర్మం పలుచగా ఉంటుంది, నూనె కాస్త తగ్గినా మంట పుడుతుంది. ఇవన్నీ క్లాసులో తోటివాళ్ల మీద చేసినప్పుడు అంతగా తెలియవు.

చిక్కల్లా వాళ్లు చెప్పే జవాబుతోనే. ఎలా ఉందని అడిగితే హాయిగా ఉందంటారు. నొప్పి పుట్టినా మన మొహం చూసి ఓర్చుకుంటారు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకుంటున్నవాళ్లను గమనించి, నైపుణ్యం పెరగడానికి ఎలాంటి సాధన కావాలో రాశారు. ఒక లోపాన్ని పట్టుకుని, దాన్ని సరిచేయడానికే పనిగట్టుకుని చేసే సాధన గురించి వాళ్లు చెప్పారు. ఎలా చేస్తున్నామో వెంటనే తెలియడం అందులో ముఖ్యం. మసాజ్‌కూ అది సరిగ్గా వర్తిస్తుందని నా నమ్మకం. ‘బాగుంది’ అన్న మాట వల్ల ఏ లోపమూ బయటపడదు. ఇంట్లోవాళ్లతోనే చేయాల్సి వస్తే ప్రశ్న మార్చండి. ఒకే చోట రెండు రకాలుగా నొక్కి, ఏది ఎక్కువ లోతుకు వెళ్లిందో అడగండి. దానికి మొహమాటం లేకుండా జవాబు చెప్తారు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. క్లయింటును అడిగే ఆరోగ్య ప్రశ్నలు మనవాళ్లను అడగం, మనవాళ్లే కదా అని వదిలేస్తాం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు గట్టిగా నొక్కితే చర్మం కింద రక్తం చేరి కమిలిపోతుంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలిని ముట్టుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు పంపాలి. సాధన కోసమైనా సరే, ఆ ప్రశ్నలు అడిగాకే టేబుల్ మీద పడుకోబెట్టాలి.

తోటి థెరపిస్టుతో సాధన వేరే స్థాయిలో ఉంటుంది. ఇద్దరికీ ఒకే పాఠం గుర్తుంటుంది కాబట్టి, ‘ఇక్కడ నీ బొటనవేలు ఒక్కటే పని చేస్తోంది, ఒంటి బరువు రావడం లేదు’ అని పడుకున్న మనిషే చెప్పగలరు. మణికట్టు వంగిందని, టేబుల్ ఎత్తు ఎక్కువై భుజాలు పైకి లేస్తున్నాయని ఇంట్లోవాళ్లు ఎవరూ గమనించరు. ఇలాంటివి సరిదిద్దుకోకపోతే నష్టం పద్ధతికే కాదు, మన కీళ్లకు కూడా. బొటనవేలు, మణికట్టు నొప్పులు ఈ వృత్తిలో తరచూ కనిపించేవే.

పైగా మన వంతు వచ్చినప్పుడు మనమూ పడుకుంటాం. పిక్క మీద చేయి హఠాత్తుగా లేచిపోతే ఒళ్లు ఎలా ఉలిక్కిపడుతుందో, నెమ్మదిగా దిగిన ఒత్తిడిని కండరం ఎలా ఒప్పుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. నేర్చుకునే చేతికి ఇంతకన్నా మంచి పాఠం ఉంటుందని నేననుకోను. ఇబ్బందల్లా, ఇద్దరూ ఒకే తప్పు నేర్చుకుని ఉంటే అది ఇద్దరిలోనూ గట్టిపడిపోతుంది. అప్పుడప్పుడూ అనుభవమున్న మూడో మనిషి వచ్చి చూడాలి. ఇంకోటి, కలిసినప్పుడల్లా ఒళ్లంతా మసాజ్ చేసుకుని వెళ్లిపోతే హాయే మిగులుతుంది. ఒక సెషన్‌లో ఒక్క భాగం, ఒక్క పద్ధతి చాలు.

క్లయింట్ల మీద నేరుగా సాధన మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. నొప్పితోనో అలసటతోనో వచ్చిన మనిషికి మన సందేహాలతో పనిలేదు. మనకూ టెన్షన్‌లో చేయి బిగుసుకుంటుంది.

నన్నడిగితే ముందు తోటి థెరపిస్టు. చూసుకోకుండానే చేయి సరైన చోటికి వెళ్తోందని ఇద్దరికీ అనిపించాక ఇంట్లోవాళ్లు, స్నేహితులు. వాళ్లలోనూ వయసు, ఒడ్డూపొడుగూ వేరువేరుగా ఉన్నవాళ్లను ఎంచుకోవాలి. క్లయింట్లు చివరన. కొత్త పద్ధతి అని ముందే చెప్పి, సరేనంటేనే, మామూలు సెషన్ మధ్యలో ఒక్క భుజానికో పిక్కకో కాసేపు చేయాలి. ఈ దశల్లో ఎక్కడైనా సెషన్ అయ్యాక మీ బొటనవేలు నొప్పి పుడుతుంటే అక్కడే ఆగి, తర్వాతి సెషన్‌కు ముందే ట్రైనర్‌కు మీ చేయి చూపించండి.