ఒకసారి నూరితే డెబ్బై గెడ్డాలు

నాలుగేళ్ళుగా మంగలికత్తితోనే గెడ్డం గీసుకుంటున్నాను. జర్మనీ సోలింగెన్ ఉక్కు, మామూలు వెడల్పు. కత్తి గురించి ఇంతే. చెప్పాల్సిందల్లా వాదర గురించి, అంటే తెగే అంచు గురించి.

మరీ పదును పెడితే అంచు తొందరగా పోతుందని, కాస్త తక్కువలో ఆపితేనే మన్నుతుందని మొదటి రెండేళ్ళూ గట్టిగా నమ్మాను. కత్తిపీటకు ఆ లెక్క సరిపోతుందేమో! నేను 8000 గ్రిట్ రాయి దగ్గరే ఆపేసేవాణ్ణి (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు). పది పన్నెండు గెడ్డాలకల్లా చుబుకం కింద లాగేది. ఆ తర్వాత వజ్రపు పొడి పేస్టు రాసిన, కత్తిని పదునుపెట్టే పట్టా దొరికింది. దాని మీద తిప్పిన తొలిరోజు కత్తి చెంపకు తగిలినట్టే తెలియలేదు. కనబడ్డవాళ్ళందరికీ దాని గురించి గొప్పగా చెప్పాను.

మా విజయనగరం పైడితల్లమ్మ పండగ వచ్చింది. తొలేళ్ళ నాడు, సోమవారం పొద్దున, ఇంటినిండా చుట్టాలు. మర్నాడు సిరిమాను మంగళవారం కాబట్టి మా ఇంట్లో ఎవరి గెడ్డానికీ కత్తి తగలనివ్వరు. ఆ రోజే అవ్వాలి. పేస్టు పెట్టాక అది నాలుగో గెడ్డం. కుడిచెంప సగం అయ్యేసరికి కత్తి వెంట్రుకల్లో తట్టుకుని ఆగిపోయింది. ఎంత సాగదీసినా కదల్లేదు. సగం గెడ్డం మీద తువ్వాలు కప్పుకుని గంటస్తంభం వెనక సందులో ఉన్న ముసలాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయనా ఇప్పుడు బ్లేడు మార్చే కత్తే వాడుతున్నాడు గానీ పాత రాయి దాచుకున్నాడు.

నా కత్తిని కిటికీ వెలుగులో వంచి చూశాడు. అంచు పొడుగునా సన్నటి తెల్లగీత మెరిసింది.

“నొక్కీసినావు బాబూ. రేకు లేచిపోనాది. మంచి వాదరైతే వెలుగులో కనబడదు.”

“మరి మొదటి రోజు అంత బాగా తెగింది కదా తాతా?”

“రేకు కూడా తెగుద్ది. నిలబడొద్దేటి?”

వాదరను రాయి మూల మీద ఒక్కసారి మెల్లగా గీశాడు. నా ప్రాణం పోయినంత పనైంది. ఆ పలచటి రేకును తీసేసి మళ్ళీ మొదటినుంచి నూరాడు. కత్తి వీపు, వాదర రెండూ రాయికి ఆనితే కోణం దానంతటదే కుదురుతుంది. అందుకే చేతి బలం పెట్టలేదు, కత్తి బరువే పనిచేసింది.

ఇంటికొచ్చి 12000 రాయి తెప్పించుకుని అలాగే చేశాను. క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటూ వచ్చాను. రాయి ముట్టుకోకుండా, గుడ్డపట్టా తోలుపట్టా మీద తిప్పుకుంటూ డెబ్బై గెడ్డాలు! ఇంకా పదును పెట్టాను, ఇంకా ఎక్కువ మన్నింది. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు మామూలు బ్లేళ్ళను సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. ఉక్కుకంటే 50 రెట్లు మెత్తనైన వెంట్రుక, వంగి ఏటవాలుగా తగిలినప్పుడు అంచును పెచ్చులుగా లేపగలదని చూపించారు. నాకు అర్థమైనంతలో, మొద్దు కత్తి వెంట్రుకను కోసేలోపే వంచుతుంది. ఆ వంగిన వెంట్రుకే అంచును తినేస్తుంది. శుభ్రంగా తేలిన వాదర వంగే వ్యవధి ఇవ్వదు.

ఆ డెబ్బై కూడా ప్రతిసారీ రాలేదు. ఉద్యోగం మీద సముద్రపొడ్డున కళింగపట్నంలో ఉన్న ఏడాది, ఒకసారి నూరితే నలభై దాటలేదు. ఉప్పుగాలికి కంటికి కనబడని తుప్పు ముందు వాదరకే పడుతుంది. తుడిచి కుట్టుమిషను నూనె రాయడం అక్కడే అలవాటైంది. పేస్టును పారెయ్యలేదు గానీ, ఇప్పుడు నాలుగైదు సార్ల కంటే దాని మీద తిప్పను.

నేను గీసుకునేది రోజు విడిచి రోజు, అదీ వేణ్ణీళ్ళతో బాగా నానబెట్టాకే. రోజూ గీసుకునేవాళ్ళకు, బిరుసు గెడ్డాలకు ఎన్ని వస్తాయో మరి. నా క్యాలెండర్ మీద ఈ పొద్దుటితో యాభై మూడో గీత పడింది. చుబుకం కింద ఇంకా లాగడం లేదు.