సీ వ్యూ అన్నారు, రొయ్యల గుంటలు చూపించారు

నెల్లూరు దగ్గరి మైపాడు బీచికి వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను. ఫోన్లో ‘సీ వ్యూ’ అంటే నమ్మకండి, కిటికీ ఏ దిక్కుకు ఉందో అడగండి. మేం అడగలేదు.

నెల్లూరులో మొదటి రోజు రంగనాయకుల గుడి, పెన్న ఒడ్డు చూశాం. ఏ ఇబ్బందీ లేదు. రెండో రోజు ఆటోకు 700 ఇచ్చి, పాతిక కిలోమీటర్ల దూరంలోని మైపాడుకు బయల్దేరాం. దారిలో బకింగ్‌హాం కాలువ వచ్చింది. పెదగంజాం నుంచి చెన్నై దాకా సముద్రానికి సమాంతరంగా తవ్విన ఉప్పునీటి కాలువ ఇది. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు పడవల్లో మద్రాసుకు వెళ్లేవి. ఆ కట్టెల కోసమే తెల్లదొరలు తీరం పొడవునా సరుగుడు నాటించారు. మనం సెల్ఫీలు దిగే ఆ తోపు మన నేల చెట్టు కూడా కాదు. 1960ల తుపాన్లకు కాలువ బాగా దెబ్బతింది. అయినా 2004 సునామీలో ఎగిసిన నీళ్లను చాలావరకు తనలోకి తీసుకుని లోపలి ఊళ్లకు తాకిడి తగ్గించింది. పడవల కోసం తవ్వింది ఉప్పెనకు అడ్డుపడింది!

ఇక లాడ్జి. గది 2,800, అత్తయ్యకు అదనపు పరుపు 500. కిటికీ తెరిస్తే పడమర. రొయ్యల గుంటలు, వాటి వెనక మళ్లీ గుంటలు. సముద్రం మాత్రం ఇంటి వెనక, గోడ అవతల. రాత్రి గాలిలో చెప్పులు తడిసినట్టు ఒక వాసన, గుంటల నీళ్లను చక్రాలతో చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు తెల్లారేదాకా. రాత్రిపూట నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి వాటిని ఆపరు. మావాడు మాత్రం సంబరంగా చక్రాలు లెక్కపెట్టాడు.

అసలు గొడవ కుళాయి దగ్గర మొదలైంది. సబ్బు నురగ రాలేదు. తలస్నానం చేసిన అత్తయ్య జుట్టు తాడులా బిగుసుకుపోయింది. ఆవిడ మొహం చూసి నేను మేనేజరు దగ్గరికి పరుగెత్తాను.

“సముద్రం పక్కన నీళ్లు ఉప్పుగా లేకపోతే పంచదారలా ఉంటాయా సార్?” అన్నాడు. ఆపైన 40 రూపాయల చొప్పున మూడు వాటర్ క్యాన్లు పంపించాడు, బిల్లులో రాసుకుని.

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది సగమే నిజం. ఇక్కడి గుంటల్లోకి ఉప్పునీళ్లు తోడి నెలల తరబడి నిల్వ ఉంచుతారు. అది కింది మంచినీటిలోకి దిగుతుంది. 1996 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు తీరం దగ్గరి రొయ్యల చెరువులను తీసేయమన్నప్పుడు చెప్పిన కారణాల్లో తాగునీళ్లు చెడడం కూడా ఒకటి. 2005లో వచ్చిన చట్టం రిజిస్ట్రేషన్ పెట్టి మళ్లీ దారి తెరిచింది. తొంభైల మధ్యలో తెల్లమచ్చ వైరస్‌తో కుదేలైన టైగర్ రొయ్య స్థానంలో 2009 తర్వాత వనామి అనే విదేశీ రొయ్య వచ్చింది. ఎగుమతి డాలర్లలో, ఉప్పు మాత్రం మన బకెట్లో.

మధ్యాహ్నం ఒక ముసలమ్మ ఇంటి వసారాలో తిన్నాం. తలకు 180. వంజరం పులుసు, మామిడికాయ ముక్కలతో. అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. “ఈ పులుసుకు నీళ్లు ఎక్కడివమ్మా?” అని అడిగింది.

“ఆడ, దిబ్బలో చెలమ,” అంది ముసలమ్మ.

భోజనం అయ్యాక తీసుకెళ్లింది. సరుగుడు తోపు పక్కన మిగిలిన ఒక్క ఇసుక దిబ్బ. చేతులతో మూరెడు తవ్వింది. కాసేపటికి అడుగున నీళ్లు ఊరాయి, తియ్యగా. వాననీళ్లు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని పైనే తేలి నిలుస్తాయి. దిబ్బ ఉన్నంతవరకే ఆ నిల్వ.

“ముందు ఈ వైపంతా దిబ్బలేనమ్మా. గుంటలకోసం చదును చేశారు. మా పిల్లోడు కూడా రెండెకరాలు వేశాడులే,” అంది నవ్వుతూ. తిట్టాలో నవ్వాలో తెలియలేదు.

నా సలహా: నెల్లూరులో ఉండి తెల్లవారుజామున మైపాడు వెళ్లి, పులుసు తిని, సాయంత్రానికి తిరిగిరండి. డబ్బు మిగులుతుంది, జుట్టు కూడా.

మర్నాడు బిల్లు 3,420. అత్తయ్య చెలమ నీళ్ల సీసా కౌంటర్ మీద పెట్టి, “రుచి చూడు నాయనా, పంచదార వేయలేదు,” అంది. మేనేజరు తాగలేదు. కానీ పెన్ను తీసి క్యాన్ల 120 కొట్టేశాడు.