వాన కోసం మొక్కిన దారిలో అయిదు రోజులు

పోయిన ఆషాఢంలో అమ్మను తీసుకుని హైదరాబాద్ వెళ్లాను. మాది అనంతపురం జిల్లా. వేరుశనగ విత్తనం మట్టిలో పెట్టి ఆకాశం వైపు చూసే ఇల్లు. బోనాలంటే పట్నం పండుగ అనుకునే అమ్మకు, అందులో వాన మొక్కు కూడా ఉందని చెల్లెలు ఫోనులో చెప్పింది. చెల్లెలి అత్తగారి ఊరు చేవెళ్ల దాటాక ఉంది. పునర్వసు కార్తె వచ్చినా అక్కడ సరైన వాన లేదు, శనివారం కప్పతల్లి ఆడబోతున్నారు, అంటే వాన కోసం కప్పను ఊరేగిస్తారు. ఆ మాట వినగానే అమ్మ బట్టలు సర్దుకుంది.

బోనాలకు వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఇది ఒక్క రోజు పండుగ కాదు. ఆషాఢం మొదట్లో గోల్కొండ కోటలోని జగదాంబిక గుడిలో మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి, ఆ తర్వాత లాల్‌దర్వాజా సింహవాహినికి సాగుతుంది. అన్నీ చూడాలంటే నెల రోజులు ఉండాలి. మాకున్నవి అయిదు రోజులు. అందుకే లష్కర్ బోనాలు, అంటే సికింద్రాబాద్ బోనాలు ఉండే ఆదివారాన్ని ఆధారం చేసుకుని, దానికి ముందు గురువారం దిగాం. గోల్కొండలో నెల పొడవునా ఆది, గురువారాల్లో పూజలు జరుగుతాయి కాబట్టి ఆ గురువారం కూడా మాకు కలిసొచ్చింది.

రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి కాచిగూడలో దిగి, మొదట అమీర్‌పేటలో గది తీసుకున్నాం. ఈ నిర్ణయం మంచిదైంది. మెట్రో పక్కనే ఉంది, బల్కంపేట ఎల్లమ్మ గుడి నడిచి వెళ్లే దూరంలో ఉంది, టిఫిన్ బళ్లు తెల్లవారుజామునే తెరుస్తారు. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులని చెబితే అడగకుండానే కింది అంతస్తులో ఇచ్చారు.

గురువారం గోల్కొండ. మెహదీపట్నం నుంచి బస్సులో వెళ్లాం. గుడి కోట పైన ఉంటుంది, మెట్లు మూడు వందలకు పైనే. బోనమంటే కొత్త కుండలో పాలూ బెల్లంతో వండిన అన్నం, పైన వేపరెబ్బలు, ఆపైన వెలిగే దీపం. అంత బరువు తల మీద పెట్టుకుని ఆడవాళ్లు ఆ మెట్లు ఎక్కుతుంటే అమ్మ ప్రతి మలుపులో ఆగి చేతులు జోడించింది. సగం దూరం వెళ్లాక తను ఇక ఎక్కలేనంది. నేనొక్కదాన్నే పైకి వెళ్లి వచ్చాను. పెద్దవాళ్లను తీసుకొచ్చేవాళ్లు ఉదయం ఏడింటికల్లా చేరుకుంటే మంచిది. ఎండ ముదిరాక ఆ బండరాళ్లు సెగలు కక్కుతాయి.

శుక్రవారం బల్కంపేట. ఎల్లమ్మ కల్యాణం ఆషాఢంలో మొదటి మంగళవారం జరుగుతుంది. అది అప్పటికే అయిపోయింది, అందుకే మాకు దర్శనం తీరిగ్గా దొరికింది. ఇక్కడ అమ్మవారు నేలమట్టానికి దిగువన, బావిలో కొలువై ఉంటుంది. ఆ నీళ్లనే భక్తులు తీర్థంగా తీసుకుంటారు. నీళ్లున్న చోటే అమ్మ ఉంటుందని మా అమ్మ అంది. నాకు ఆ మాట నిజమనిపించింది. చెరువు కట్టల మీద వెలిసిన తల్లిని కట్ట మైసమ్మ అంటారు. ఈ నగరంలో హుస్సేన్ సాగర్ కట్ట, అంటే ట్యాంక్‌బండ్ కిందే కట్ట మైసమ్మ గుడి ఉంది. సాయంత్రం అక్కడికీ వెళ్లి దండం పెట్టుకుని వచ్చాం.

శనివారం పొద్దున చెల్లెలు మెహదీపట్నం వచ్చి మమ్మల్ని చేవెళ్ల బస్సు ఎక్కించింది. తెలంగాణ ఆధార్ ఉన్న చెల్లెలికి జీరో టికెట్టు, మాకిద్దరికీ మామూలు టికెట్టు. ఆంధ్ర నుంచి వచ్చే ఆడవాళ్లు చిల్లర దగ్గర పెట్టుకోండి. ఈ దారికి ఒక వైపు గండిపేట, ఇంకో వైపు హిమాయత్ సాగర్. 1908లో మూసీ ముంచెత్తి నగరాన్ని ఊడ్చేశాక, మళ్లీ అలాంటి వరద రాకుండా కట్టిన జలాశయాలివి. గండిపేట 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు. ఈ ఒక్క దారి కోసమైనా కారులో కాకుండా బస్సులో, కిటికీ పక్కన కూర్చుని వెళ్లాలి.

చెల్లెలి అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చి, "రండి వదినగారూ, వాన లేని రోజుల్లో వచ్చారు" అంటూ కాళ్లకు నీళ్లిచ్చారు. చెంబులో సగమే ఇచ్చారు. బోరు రోజుకు రెండు గంటలే పోస్తోందట. పొడి దుక్కిలో పెట్టిన పత్తి గింజ సగం మొలిచి, సగం మట్టిలోనే మాడిపోయింది.

పది గంటలకు పిల్లలు బయలుదేరారు. ఇద్దరు మగపిల్లలు ఒక రోకలిని చెరో కొనా భుజం మీద పెట్టుకున్నారు. దాని నడుమ పాత తెల్లబట్టలో ఒక కప్పను మూటలా కట్టి, చుట్టూ వేపరెబ్బలు గుచ్చారు. వెనక పదిహేనుమంది పిల్లలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతున్నారు. రోకలి గుమ్మం ముందుకు రాగానే ఆ ఇంటి ఇల్లాలు పసుపు కలిపిన బిందెడు నీళ్లు తెచ్చి పై నుంచి పోస్తుంది. తర్వాత పిల్లల సంచిలో దోసెడు బియ్యమో పప్పో పోస్తుంది.

మా వంతు వచ్చినప్పుడు దగ్గరగా వంగి చూశాను. బట్ట అంచు నుంచి కప్ప తల బయటికి కనిపిస్తోంది. గొంతు కింద తెల్లటి చర్మం టకటకా కొట్టుకుంటోంది. అత్తగారు బిందె వంచగానే ఒక్కసారి కళ్లు మూసి తెరిచింది. నీళ్లు వేపాకుల మీదుగా జారి, పసుపు రంగు చారలై, పిల్లల కాళ్ల దగ్గర దుమ్ములో పడ్డాయి. పడిన చోట మడుగు కట్టలేదు, నేల అక్కడికక్కడే తాగేసింది. మాకు కాళ్లు కడుక్కోవడానికి సగం చెంబు ఇచ్చిన ఇంట్లో, కప్ప మీదికి నిండు బిందె వచ్చింది. అమ్మ కూడా ఒక చెంబు అడిగి తీసుకుని పోసింది. చిన్నప్పుడు తమ ఊళ్లో కప్పలకు పెళ్లి చేసి ఊరేగించారని, అప్పుడు తను ఆడపెళ్లివారి వైపు నడిచానని పిల్లలకు చెప్పింది.

మధ్యాహ్నం పోగైన బియ్యం, పప్పు పోచమ్మ గుడి దగ్గర వండి అందరికీ వడ్డించారు. కొన్ని ఊళ్లలో వరదపాశం అని, బండ మీద పాయసం పోసి నాలుకతో తింటూ వానను వేడుకుంటారని అత్తగారు చెప్పారు. రాత్రి అక్కడే ఉన్నాం. అయిదు రోజుల్లో నేను బాగా నిద్రపోయింది ఆ ఇంటి వాకిట్లో, నులక మంచం మీదే.

ఆదివారం సికింద్రాబాద్ వచ్చాం. ఇక్కడ బస విషయంలో దెబ్బ తిన్నాం. స్టేషన్ దగ్గరి ఒక లాడ్జిలో ఫోనులో రోజుకు 1,800 రూపాయలని చెప్పి, తీరా వెళ్లాక పండుగ కదా అని 2,600 అడిగారు. లిఫ్టు పనిచేయడం లేదన్న సంగతి డబ్బు కట్టాక తెలిసింది. మూడో అంతస్తుకు అమ్మను ఎక్కించడానికి పావుగంట పట్టింది. ధర, అంతస్తు, లిఫ్టు వివరాలు ముందే సందేశంలో రాయించుకోండి. అయినా బస సికింద్రాబాద్‌లోనే పెట్టుకోండని చెబుతాను. ఆ రోజు గుడి చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, ఆటోలు రావు. మెట్రో దిగి నడవడం, లేదంటే గది నుంచి నడవడం, అంతే.

1813లో జంటనగరాల్లో ప్రబలిన మహమ్మారి తగ్గితే గుడి కడతానని ఉజ్జయినిలో మొక్కుకున్న సైనికోద్యోగి సురిటి అప్పయ్య, 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడని చెబుతారు. ఆ వీధుల్లో అమ్మవారి తమ్ముళ్లుగా భావించే పోతురాజుల కొరడా చప్పుళ్లు, డప్పులు, ఫలహారం బండ్లు. అవన్నీ కళ్లారా చూశాం. కానీ చూడటానికి వచ్చినవాళ్లకు నాదొక మనవి. బోనం ఎత్తుకున్నవాళ్లకు దారి వదలండి. ఫొటో కోసం ఆ వరుసకు అడ్డం నిలబడకండి. తల మీద దీపంతో, ఉపవాసంతో నడుస్తున్న మనిషిని ఒక్క నిమిషం ఆపినా పాపమే.

లష్కర్‌కు ఒక్క రోజే రాగలిగేవాళ్లు సోమవారం రండి. ఆ ఉదయం రంగం ఉంటుంది. పచ్చి కుండ మీద నిలబడి, అమ్మ పూనిన స్త్రీ భవిష్యవాణి వినిపిస్తుంది. లోపలికి వెళ్లడం మాకు కుదరలేదు. బయట మైకు కింద నిలబడి విన్నాం. ముందురోజు డప్పులతో అదిరిన వీధి ఆ కాసేపు ఊపిరి బిగబట్టింది. వానల ప్రస్తావన రాగానే పక్కనున్న పూలమ్మే ఆమె దండ కట్టడం ఆపేసింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం కాచిగూడ ప్లాట్‌ఫారం మీద ఉండగా చెల్లెలు ఫోను చేసింది. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడ్డాయట, దుమ్ము అణిగిందట, దుక్కి తడవలేదట. అమ్మ ఫోను తీసుకుని, "కప్పను వదిలారా?" అని అడిగింది. శనివారం సాయంత్రమే కుంటలో వదిలారట, అడుగున ఉన్న కొద్దిపాటి నీళ్లలో.