రాళ్లవాన పడిన మర్నాడు ఏ చెరువుకు పోవాలి?

మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా వరంగల్ వైపు అప్పుడప్పుడు సాయంత్రం ఉరుములతో రాళ్లవాన దిగుతుంది. బురదలో మేత వెతికే వలస పక్షులు, ఉల్లంకి పిట్టలు, ఉత్తరానికి తిరుగుముఖం పట్టే రోజులూ అవే. ఇవి ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి. వాన, ఎదురుగాలి తగిలితే దొరికిన బురదలో వాలిపోతాయి. ఆకాశం తేటపడి దక్షిణపు గాలి అందితే ఆ సాయంత్రమే లేచిపోతాయి. వాటిని చూడ్డానికి మనకు దక్కేది ఒక్క పొద్దు.

అందం చూసి చెరువును ఎంచుకుంటే ఆ పొద్దూ పోతుంది. లక్నవరం వేలాడే వంతెనలు, దీవి కాటేజీలు కుటుంబంతో పోవడానికి భేషుగ్గా ఉంటాయి. కానీ ఒడ్డు నిటారు, నీళ్ల దాకా చెట్లు. అంగుళం లోతులో ముక్కు పెట్టి తినే పిట్టకు అక్కడ పనేముంది? పాకాల చెరువు అడవి పిట్టలను చూడ్డానికి మేలు. హన్మకొండకు దగ్గరైన ధర్మసాగర్‌లోకి ఎత్తిపోతల నీళ్లు వదిలారంటే నిన్నటి బురద ఇవాళ ఉండదు.

మా ఓటు కరీంనగర్ దిగువ మానేరు జలాశయానికే. పూర్తి నీటిమట్టం 920 అడుగులు. పేపర్లో మట్టం చూసి బయల్దేరండి. యాసంగి పంటకు నీళ్లు వదిలి మట్టం ఎంత దిగితే శిఖం (నీళ్లు తగ్గితే తేలే చెరువు నేల) అంత బయటపడుతుంది. ఒక్కటే చిక్కు, పిట్టలు చాలా దూరం. 20 నుంచి 60 రెట్లు పెద్దగా చూపే స్కోపు (ఒంటికంటి దూరదర్శిని), గాలికి ఊగని ట్రైపాడ్ లేకుంటే చుక్కలే కనిపిస్తాయి.

తెల్లవారేసరికి తూర్పు ఒడ్డున ఉంటే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. వాన మర్నాడు గాలి కడిగినట్టుంటుంది గానీ, తొమ్మిది దాటితే నేల మీద ఆవిరాడి స్కోపులో పిట్ట అలుక్కుపోతుంది. పిచ్చుకంతవి గబగబా పొడుస్తూ, వీపు మీద రెండు తెల్లగీతలతో ఉంటే లిటిల్ స్టింట్ అనే ఉల్లంకి. గీతల్లేని మట్టిరంగు వీపుతో, ఒదిగి మెల్లగా కదిలేది టెమ్మింక్ స్టింట్. మొదటిదానికి నల్ల కాళ్లు, రెండోదానికి పసుపు కాళ్లు అంటారు గానీ, బురద అంటుకున్నాక రెండూ నల్లవే. కాళ్లను నమ్మకండి.

పైన ఎండి పగుళ్లిచ్చిన శిఖం కింద మెత్తగా ఉంటుంది. పశువుల గిట్టల జాడ లేనిచోట అడుగేస్తే మోకాలి దాకా దిగబడతారు.

బస కరీంనగర్‌లోనే తీసుకోండి. హన్మకొండ నుంచి పొద్దున్నే వస్తే దారిలోనే తెల్లారుతుంది. నాలుగున్నరకు గేటు తీయాలని లాడ్జిలో రాత్రే చెప్పండి, టిఫిన్ మీద ఆశ పెట్టుకోకండి. ఆటో అయితే వెయిటింగ్‌తో కలిపి ముందే మాట్లాడుకోవాలి. ఏప్రిల్‌లో రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనబడవు, బైకు మీద పోయేవాళ్లు నడిమధ్యనే పోవాలి.