ముఖం కంటే ముందు వీపు: ‘ది రెజ్లర్’ (2008)

సినిమా మొదటి కొన్ని నిమిషాలు ర్యాండీ ముఖం సరిగ్గా కనబడదు. మడత కుర్చీలో కూర్చుని దగ్గుతున్న వీపు, చెదిరిన రంగు జుట్టు, అంతే. 1980లలో పోస్టర్లకెక్కిన కుస్తీ వీరుడు, 20 ఏళ్ల తర్వాత న్యూజెర్సీలో ట్రెయిలర్ (చక్రాల ఇల్లు) అద్దె కట్టలేక వ్యానులో పడుకుంటున్నాడు. గుండెపోటు, బైపాస్. ఇక రింగెక్కొద్దన్నాడు డాక్టరు. ఎన్నాళ్లుగానో పట్టించుకోని కూతురు అప్పుడు గుర్తొచ్చింది.

దర్శకుడు డారెన్ అరొనాఫ్‌స్కీ. ఛాయాగ్రాహకురాలు మరీస్ ఆల్బెర్టి సూపర్ 16 అనే సన్న ఫిల్మ్ మీద తీస్తూ, చేతి కెమెరాతో అతని వెనకే నడిచింది. ఆ నడకంతా సూపర్‌మార్కెట్ సీనుకి పనికొచ్చింది. మాంసం కౌంటరులో ర్యాండీ పనికి చేరిన మొదటి రోజు. వెనక గదుల్లోంచి నడిచొస్తుంటే రింగు దగ్గరి జనం కేకలు చెవుల్లో పెరుగుతూ పోతాయి. ప్లాస్టిక్ తెర తోసుకుని బయటికి రాగానే చప్పున ఆగిపోతాయి. ఎదురుగా సలాడ్ ట్రేలు. డైలాగు లేదు, సౌండు ఒక్కటే పని చేసింది.

కుస్తీ లోగుట్టు కూడా దాచలేదు. ఏ దెబ్బ తర్వాత ఏదో ఇద్దరూ ముందే మాట్లాడుకుంటారు. మణికట్టు టేపులో దాచిన బ్లేడు ముక్కతో, కింద పడ్డప్పుడు ర్యాండీ తన నుదురు తనే కోసుకుంటాడు. గెలుపు ఒప్పందమే గానీ రక్తం మాత్రం నిజం. స్టేపుల్ గన్‌తో ఒంట్లోకి పిన్నులు కొట్టే పోటీ ఇంకా ఘోరం: ముందు వైద్యం చూపించి, ఏ గాయం ఎలా అయిందో వెనక్కెళ్లి చెప్తారు. రక్తం చూడలేనివాళ్లు అక్కడ కళ్లు మూసుకోవాల్సిందే.

రింగులో ఎంత నొప్పి ఓర్చుకోవాలో ర్యాండీకి కొలత తెలుసు. కూతురి ముందు ఆ కొలత పనికిరాదు. సముద్రపు ఒడ్డున ఏడుస్తూ ఆమెను క్షమాపణ అడుగుతాడు, అదీ నిజమే. తీరా ఇద్దరూ కలిసి భోంచేయాల్సిన రాత్రికి, ముందు రాత్రి తాగుడు మైకం తీరక నిద్రపోతాడు. అతని స్వభావానికి అది సరిపోయిందే. కానీ కూతురిగా ఇవాన్ రేచెల్ వుడ్‌కి ఇచ్చినవి నాలుగు సీన్లు, వాటిలో సగం అరుపులే. ఆమె పదేళ్ల కోపానికి ఆ నిడివి చాలదు. వయసు మీదపడుతున్న క్లబ్బు డాన్సర్‌గా మరీసా టోమే బాగా చేసింది. ఆమెదీ ఒంటితో బతికే వృత్తేనని సినిమా ఒకసారి చెబితే చాలు, పదే పదే చెబుతుంది.

ర్యాండీగా వేసిన మిక్కీ రూర్క్ 1990లలో నిజంగానే బాక్సింగ్ బరిలోకి దిగాడు. ఆ ముఖానికి మేకప్ ఏం చేస్తుంది! వెనిస్ చిత్రోత్సవంలో సినిమాకి అక్కడి అత్యున్నత పురస్కారం గోల్డెన్ లయన్ వచ్చింది. 109 నిమిషాలు. చివర తెర నల్లబడగానే లేవకండి, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట అక్కడే ఉంది.