ఉద్యోగమా, ఇల్లా: ‘ది గుడ్ వైఫ్’, ‘బోర్గెన్’ పక్కపక్కన

2009లో మొదలైన అమెరికన్ సీరియల్ ‘ది గుడ్ వైఫ్’లో అలీషియాకు ఎంచుకునే వీలే లేదు. భర్త జైలుకెళ్లాడు, ఇల్లు గడవాలి. పదమూడేళ్లు ఇంటిపట్టున ఉన్నాక మళ్లీ జూనియర్ లాయర్‌గా చేరి, ఒకే ఒక్క పోస్టు కోసం కుర్రాడితో పోటీపడుతుంది. పిల్లల్ని అత్తగారు చూసుకుంటారు కాబట్టే కోర్టు సీన్లకు చోటు దొరుకుతుంది. అయితే ఆవిడ పెత్తనం కూడా ఇంట్లోకి వచ్చేస్తుంది.

2010 నాటి డెన్మార్క్ సీరియల్ ‘బోర్గెన్’ది మరింత కష్టమైన ప్రశ్న. బిర్గిట్ ప్రధానమంత్రి. కొన్నేళ్లు ఇల్లు తను చూసుకుంటానని ఒప్పుకున్న భర్త ఫిలిప్, ఆ తర్వాత మంచి ఉద్యోగంలో చేరతాడు. ఆ కంపెనీకి యుద్ధవిమానాల కాంట్రాక్టులో వాటా ఉందని తేలగానే, పదవి కోసం అతన్ని మానెయ్యమంటుంది. అతను మానేస్తాడు, కాపురం మాత్రం నిలవదు. రెండో సీజన్‌లో కూతురికి ఆందోళన జబ్బు ముదిరితే ఆమె పదవికి సెలవు పెడుతుంది.

మొదటిదాంట్లో తప్పంతా భర్తది కాబట్టి ప్రేక్షకుడికి అలీషియా పక్షాన నిలబడటం తేలిక. రెండోదాంట్లో ఇద్దరి మాటా న్యాయమే. అందుకే నా ఓటు ‘బోర్గెన్’కే. ‘ది గుడ్ వైఫ్’ను హిందీలో చూడాలంటే కాజోల్ నటించిన ‘ది ట్రయల్’ (2023) ఉంది.