బెంగళూరు ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్: లక్ష కిలోమీటర్లు దాటాక నా అనుభవం

మా బండి డీజిల్, 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే ఇంజిన్ శక్తి ఆయిల్ ద్వారా గేర్లకు అందే రకం. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. గేర్‌బాక్సు విప్పాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు. అందులో సగం గొప్ప తయారీదే. మిగతా సగం మాత్రం, మార్చనక్కర్లేదని చెప్పిన ఆయిల్‌ను పట్టుబట్టి మార్పిస్తూ రావడం వల్లనే అని నా గట్టి నమ్మకం.

సాధారణ వాడకంలో ఈ ఆయిల్ మార్చనవసరం లేదని చాలా మాన్యువళ్లలో రాసి ఉంటుంది. చదివేవాళ్లు అక్కడితో ఆగిపోతారు. కఠిన వాడకం అంటే ఏమిటో మరో చోట చెప్పి ఉంటుంది: ఆగి ఆగి కదిలే రద్దీ, ఎండలు, ఘాట్ రోడ్లు. సిల్క్ బోర్డు నుంచి మారతహళ్లి మీదుగా కె.ఆర్.పురం దాకా రోజూ ఆఫీసుకు వెళ్లేవాడికి ఆ జాబితా తన గురించే రాసినట్టు ఉంటుంది. సర్వీసు సెంటర్లో ఈ మాటే అడిగితే సలహాదారు కాసేపు నీళ్లు నమిలి, 'జీవితకాలం వస్తుంది సార్' అన్నాడు. ఎవరి జీవితకాలమో చెప్పలేదు.

అసలు కిలోమీటర్ల లెక్కే ఇక్కడ పనికిరాదు. గంటకు 15 కిలోమీటర్ల సగటుతో 40 వేలు తిరిగిన బండి 2,600 గంటలకు పైగా పనిచేసినట్టు. అన్ని గంటలూ హైవే మీద 60 సగటుతో నడిస్తే లక్షా 60 వేలు అవుతుంది. పైగా ఆ రెండు రకాల గంటలూ ఒకటి కావు. డి (డ్రైవ్) లో పెట్టి బ్రేకు తొక్కి నిలబడినప్పుడు కన్వర్టర్లో ఇంజిన్ వైపున్న రెక్కల చక్రం, ఇంపెల్లర్, తిరుగుతూనే ఉంటుంది, బండి చక్రాల వైపున్న రెక్కల చక్రం, టర్బైన్, ఆగి ఉంటుంది. మధ్యలో ఆయిల్ మజ్జిగలా చిలికి చిలికి వేడెక్కుతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ ఆ రెండింటినీ జత చేస్తుంది కాబట్టి ఆ బాధ తప్పుతుంది. పలమనేరు మీదుగా తిరుపతి వెళ్లేటప్పుడు స్కానర్‌లో (బండి కంప్యూటర్‌కు తగిలించి అంకెలు చూసే పరికరం) ఆయిల్ వేడి చూస్తే దాదాపు నిలకడగా ఉంటుంది. కె.ఆర్.పురం దగ్గరి టిన్ ఫ్యాక్టరీ కూడలిలో అరగంట పాకితే అంకె ఎక్కుతూ పోతుంది. ఈ ఆయిల్ గేర్లకు జారుడునిచ్చి ఊరుకోదు. క్లచ్‌లను నొక్కే ఒత్తిడి దీనిదే, వాటి పట్టూ దీని మీదే ఆధారపడుతుంది. వేడికి ఆ గుణం తగ్గితే గేరు మారే తీరు చెడుతుంది.

నేను 40 వేలకొకసారి మార్పిస్తాను. జె.సి. రోడ్డు పక్క సందులో షెడ్డు ఉన్న మదనపల్లె మెకానిక్ ఒకాయన చేస్తాడు. ముందు పైన పోసే బోల్టు వదులు చేసి చూస్తాడు, ఆ తర్వాతే కింద చేయి పెడతాడు. 'పైది రాకముందే కిందది విప్పితే బండి ఇక్కడే పడుకుంటుంది సార్' అంటాడు. మొదటిసారి కారిన ఆయిల్‌ను తెల్ల కాగితం మీద చుక్క వేసి చూపించాడు. కొత్తది దానిమ్మ రసం రంగు, పాతది ముదురు గోధుమ. మాడిన వాసన లేదు, అదే సంతోషం. కారినదాన్ని ఖాళీ సీసాల్లో కొలిచి, సరిగ్గా అంతే పోస్తాడు. బోల్టుకు కొత్త వాషర్ తప్పనిసరి.

అసలు మెలిక లెవెల్ చూడడంలో ఉంది. మా బండికి ఆయిల్ వేడి 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి, ఇంజిన్ నడుస్తూ ఉండాలి, లివర్‌ను అన్ని గేర్లలోకీ తిప్పి పి (పార్క్) లోకి తేవాలి. అప్పుడు లెవెల్ బోల్టు విప్పితే సన్నటి ధార రావాలి. ట్రాఫిక్‌లోంచి వచ్చిన వేడి మీదే విప్పితే, వ్యాకోచించిన ఆయిల్ అదనంగా పోతుంది. చల్లబడ్డాక లోపల తక్కువవుతుంది. అందుకే స్కానర్ లేని చోట ఈ పని చేయించను.

మొత్తం పట్టేది సుమారు 7 లీటర్లు అయినా బోల్టు విప్పితే వచ్చేది సగం లోపే. మిగతాది కన్వర్టర్లో, గొట్టాల్లో ఉండిపోతుంది. విడతకు 40 శాతం మారిందనుకుంటే రెండో విడతకు 64, మూడో విడతకు 78 శాతం కొత్తదవుతుంది. అందుకే మొదటిసారి కొన్ని వారాల తేడాతో రెండు విడతలు చేయించాను. యంత్రం పెట్టి ఒక్కసారిగా కడిగేస్తామని వేరే చోట అన్నారు, వద్దన్నాను.

ఫలితం? సిగ్నల్ దగ్గరికి మెల్లగా వస్తున్నప్పుడు మూడు నుంచి రెండుకు దిగేటప్పటి కుదుపు చాలావరకు పోయింది. రివర్స్ వేశాక పట్టుకోవడానికి తీసుకునే ఆ క్షణకాలం జాప్యం కూడా తగ్గింది. మైలేజీ మాత్రం మారలేదు. మారుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పొద్దున చల్లటి ఇంజిన్‌తో ఒకటి నుంచి రెండుకు వెళ్లేటప్పటి చిన్న తడబాటూ అలాగే ఉంది.

ఆయిల్ ఎంపికలో పొదుపు కూడదు. హ్యుందాయ్, కియాల 6 గేర్ల పెట్టెలు ఎస్‌పీ-4 రకం అడుగుతాయి, టొయోటాలు చాలా వాటికి డబ్ల్యూఎస్. సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే దానికి ప్రత్యేక ఆయిలే పోయాలి. మా బండిలో పోసే రకం ఆయిల్ అందులో పోస్తే బెల్టు జారి మొదటికే మోసం వస్తుంది. ఏఎమ్‌టీ (క్లచ్, గేరు పని యంత్రమే చేసే రకం) బండ్లలో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే కాబట్టి ఈ గొడవంతా వాళ్లకు లేదు. వారంటీ ఇంకా మిగిలి ఉన్నవాళ్లు బయట చేయించకండి. సర్వీసు సెంటర్లోనే కఠిన వాడకం కింద రాయించి, బిల్లులో ఆయిల్ రకం, లీటర్లు, ఓడోమీటర్ అంకె స్పష్టంగా వేయించుకోండి.